సోఫాలో సగం

లేస్తే పోతుంది. అందుకే లేవడం లేదు. చలికి మోకాళ్ళు రెండూ స్వెట్టర్‌లోకి దూర్చేసుకుని, ఎవరో గేటు బయటికి నెట్టేసి వెళ్ళిన ఈ ఎర్ర సోఫాలో కుడిచేతి మూలకి ముడుచుకుని కూర్చున్నాను, వీధి దీపం ఇంకా ఆరలేదు, ఆకాశం అప్పుడప్పుడే పల్చబడుతోంది, ఈ పేటలో నెలకొకసారి అందరూ పెద్ద పెద్ద పాత సామాన్లు బయట పెడతారు, పొద్దున్నే లారీ వచ్చి ఎత్తుకుపోతుంది, ఆ లారీ ఈసారి ఏ చివర మొదలుపెడుతుందో దాని డ్రైవర్‌కి తప్ప ఎవరికీ తెలియదు, ఆ చివర అయితే నాకు గంట ఉంది, ఈ చివర అయితే లేనట్టే, ఈలోపు నాన్న రావాలి, వచ్చి ఈ సోఫాని చూడాలి, మంచిదో కాదో చెప్పాలి, అసలు సంగతి అది కూడా కాదు, నాన్న ఇల్లు దాటి ఈ వీధిలోకి రావాలి, అంతే. ఆ కుర్చీ గొడవ జరిగినప్పటి నుంచి నాన్న ఏ సందులోకీ అడుగు పెట్టలేదు. డ్యూటీకి మెయిన్ రోడ్డు మీద తల దించుకుని వెళ్తాడు, మెయిన్ రోడ్డు మీదే తల దించుకుని వస్తాడు, సాయంత్రం కిటికీ దగ్గర కూర్చుని స్క్రూడ్రైవర్‌ని వేళ్ళ మధ్య ఉత్తినే తిప్పుతుంటాడు, బిగించడానికి ఇంట్లో ఇంకేమీ మిగల్లేదు పాపం, అన్నీ బిగించేశాడు.

ఇందాక ఫోన్ చేశాను. నాన్నా, సోఫా ఉంది, ఎరుపు, ఇద్దరు కూర్చునేది, మంచిదో కాదో నాకు తెలియట్లేదు, నువ్వొచ్చి చూడాలి అని ఒక్క గుక్కలో చెప్పేశాను. అవతల కుళాయి చప్పుడు ఒక్కటే. తర్వాత "కుట్ల దగ్గర చూశావా?" అన్నాడు. చూశానన్నాను, ఒక్క కుట్టు కూడా ఊడలేదన్నాను. మళ్ళీ కుళాయి చప్పుడు. "లేచి వచ్చెయ్యమ్మా" అన్నాడు. రాను, కూర్చున్నాను, నువ్వొస్తేనే లేస్తాను అన్నాను, పెట్టేశాడు. పెట్టెయ్యడం అంటే రానని అర్థమా, చెప్పులు వెతుక్కుంటున్నాడని అర్థమా, నాన్న ఫోన్ పెట్టేసే పద్ధతికి రెండు అర్థాలూ ఉన్నాయి, అందుకే సందు మలుపు వైపు చూడటం, మళ్ళీ లారీ చప్పుడేమోనని ఇటు చెవి పెట్టడం, మెడ అటూ ఇటూ ఫ్యాన్‌లా తిరుగుతోంది.

కూర్చున్నాను అంటే నాన్నకి వేరే చెప్పక్కర్లేదు. వీధుల్లో వస్తువులు ఏరుకునేవాళ్ళందరికీ చట్టం అదొక్కటే, ముందు చూసినంత మాత్రాన మనది కాదు, ముట్టుకున్నా మనది కాదు, ఒట్టు వేసినా మనది కాదు, కూర్చుంటేనే మనది, కూర్చోవడానికి వీల్లేనిదైతే, అంటే గడియారం లాంటిదైతే, చంకలో పెట్టుకోవాలి. ఈ చట్టాన్ని ఎవరు రాశారో ఎవరికీ తెలియదు, నేనైతే నడక రాకముందే నేర్చుకున్నాను, ఎందుకంటే నాన్న నన్ను ఎత్తుకుని తిరిగేవాడు, మంచి బల్ల కనిపిస్తే నన్ను దాని మీద కూర్చోబెట్టి బండి కోసం పరిగెత్తేవాడు, ఆ లెక్కన మా ఇంట్లో సగం సామాను నా పేరు మీదే ఉండాలి. అమ్మ ఇప్పటికీ ఆ మాట ఎత్తి తిడుతుంది, పిల్లని వీధిలో వదిలేసి వస్తావా అని, నాన్న మాత్రం వదల్లేదు, రిజర్వు చేశాను అంటాడు.

మా ఇంట్లో ఏదీ కొన్నట్టు ఉండదు, వచ్చినట్టు ఉంటుంది. నాన్న మాటే అది, దొరికింది అనడు, ఏరుకొచ్చాను అని అసలే అనడు, బల్ల వచ్చింది, దీపం వచ్చింది, అలమర వచ్చింది అంటాడు, చుట్టాలొచ్చినట్టు. నాన్న లిఫ్టులు బాగుచేస్తాడు, రోజంతా ఎవరెవరి అంతస్తులకో ఎక్కి దిగుతాడు, లిఫ్టు తలుపు తెరుచుకున్నప్పుడల్లా వరండాలో ఏ గుమ్మం పక్కన ఏది బయటపడిందో కంటికి తగులుతుంది, పేపరు చదివేవాళ్ళు పేపరు చదివినట్టు నాన్న వరండాలు చదువుతాడు, ఫలానా అంతస్తులో పిల్లాడు పెద్దవాడైపోయాడు, ఉయ్యాల బయటికొచ్చేసింది, ఫలానా ఇంట్లో మొగుడూ పెళ్ళాం కలిసిపోయినట్టున్నారు, మడత మంచం బయట పెట్టేశారు. మోటారు కాలిపోయిన ఫ్రిజ్ ఒకటి వచ్చింది, అందులో పుస్తకాలు పెట్టుకున్నాం, మా క్లాస్‌మేట్ మొదటిసారి ఇంటికొచ్చి మంచినీళ్ళ కోసం తలుపు తీసి లెక్కల పుస్తకం చూసి, ఇది కూడా పాడవుతుందా ఆంటీ అని అమ్మని అడిగింది, అమ్మకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కుర్చీలు మనిషికొకటి వచ్చాయి కానీ ఏ రెండూ ఒకే ఎత్తు కాదు, భోజనానికి కూర్చుంటే మేం మెట్లవరసలా ఉంటాం, అన్నిటికంటే ఎత్తు కుర్చీలో నేను, అన్నిటికంటే పొట్టి కుర్చీలో చెట్టంత నాన్న, గడ్డం బల్లకి ఆనుకుని, ఎంత చెప్పినా ఆ కుర్చీ వదలడు, దానికి అలవాటు పడ్డాను అంటాడు, కుర్చీ తనకి అలవాటు పడింది అని కూడా అంటాడు. అన్నీ చెక్క కుర్చీలే, ఇనుప కుర్చీలే. మెత్తనిదంటూ ఒక్కటీ రాలేదు మా ఇంటికి, ఎందుకో నేనెప్పుడూ ఆలోచించలేదు, రాత తక్కువ అనుకున్నాను. అందుకే ఇందాక దీన్ని చూడగానే ఎక్కి కూర్చున్నాను, ఎర్ర మఖమల్, చేతులు ఇంత లావు, కూర్చుంటే కిందికి దిగి మళ్ళీ కొంచెం పైకి లేపుతుంది, లిఫ్టులా, అమ్మ ఇందులో నడుం వాలిస్తే ఎలా ఉంటుంది, అమ్మా నాన్నా పక్కపక్కన ఒకే ఎత్తులో కూర్చోవడం నేను చూడనేలేదు.

నాన్నకి ఇంకో సూత్రం ఉంది, ఉంది అనాలో ఉండేది అనాలో. లారీ వచ్చే రోజు సంగతి వేరు, మామూలు రోజుల్లో బోర్లించి ఉంటే వదిలేసినట్టు, నిలబెట్టి ఉంటే ఇంకా వాళ్ళదే. నిజంగానే అంతే, జనం ఎందుకలా చేస్తారో తెలియదు కానీ ఇంక వద్దు అనుకున్నదాన్ని బయట పెట్టేటప్పుడు తలకిందులు చేసి పెడతారు, బహుశా దాని మొహం చూడలేక కాబోలు, నా చిన్నప్పటి నుంచీ ఈ సూత్రం తప్పలేదు. ఒక్కసారి తప్పింది. నీలం గేటు ఇంటి ముందు కుర్చీ బోర్లించి ఉంది, కాళ్ళు ఆకాశంలోకి, నాన్న చుట్టూ చూశాడు, వేళ్ళ కణుపులతో తట్టాడు, లోపల గట్టిగా ఉందో గుల్లగా ఉందో నాన్న తట్టి చెప్తాడు, గట్టిగానే ఉంది, రెండు కాళ్ళు పట్టుకుని భుజానికెత్తుకున్నాడు, సందు చివర దాకా కూడా రాలేదు, వెనక నుంచి ఒకబ్బాయి చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చాడు, దొంగా దొంగా అని. పారేసింది కాదు అది. కాళ్ళకి పచ్చ రంగు వేసి ఆరడానికి బోర్లించారు. రంగు ఆరనే లేదు, నాన్న అరచేతులు రెండూ పచ్చగా ఉన్నాయి, ఇంక చెప్పుకోవడానికి ఏముంది, గేట్లన్నీ తెరుచుకున్నాయట, నాన్న లిఫ్టు బాగుచేసిన అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కూడా చూశాడట, నాన్న ఆ కుర్చీని తనే మోసుకెళ్ళి ఎలా ఉందో అలాగే బోర్లించి, క్షమించండి బాబూ అని చెప్పి ఇంటికొచ్చి, బాత్‌రూమ్‌లో కూర్చుంటే అమ్మ కిరసనాయిలు పెట్టి తోమింది, ఒక్కమాట అనలేదు అమ్మ, ఎప్పుడూ తిట్టే మనిషి. రంగు పోయాక కూడా నాన్న చేతులు చాలారోజులు జేబుల్లోనే ఉన్నాయి.

చప్పుడు. లారీ కాదు. గలగల. మలుపు అవతల నుంచి పొట్టిగా ఒకావిడ, చెవుల దాకా ఉన్ని టోపీ, భుజానికి సంచి, ఆ సంచిలో ఇనుప సామాను నడకకి తాళం వేస్తోంది, ఎదురింటి బయట పెట్టిన బీరువా దగ్గర ఆగి, సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీసి, నేను కళ్ళు ఆర్పేలోగా రెండు పిడులు ఊడదీసి జేబులో వేసుకుంది. ముందావిడ! నాన్న పెట్టిన పేరు అది, ఇన్నేళ్ళలో మనిషిని చూసింది లేదు, ఎంత పొద్దున్నే వెళ్ళినా మనకంటే ముందు ఎవరో వచ్చి వెళ్ళిపోయి ఉంటారు, అలమర ఉంటుంది, పిడులుండవు, తలుపు ఉంటుంది, గడియ ఉండదు, మంచి దీపం ఉంటుంది, మీట ఉండదు, నాన్న నడుం మీద చేతులు పెట్టుకుని, ముందావిడ వచ్చి వెళ్ళింది అనేవాడు, ఆవిడే అని ఎలా తెలుసు, ఆయన ఎందుకు కాకూడదు అంటే, ఇంత శుభ్రంగా మగాళ్ళు ఊడదీయలేరు అనేవాడు. ఆవిడ నేరుగా నా దగ్గరికొచ్చి నిలబడి సోఫాని పైనుంచి కిందికి, నన్ను కిందనుంచి పైకి చూసింది.

"కూర్చున్నావా?"

"కూర్చున్నానండీ."

"మొత్తం కూర్చున్నావా, సగమా?"

నన్ను నేను చూసుకున్నాను. మూలకి ముడుచుకున్నానేమో, సగం కూడా పూర్తిగా లేను. ఆవిడ సంచిలోంచి ప్లాస్టిక్ షీటు ఒకటి తీసి, దులిపి, ఖాళీగా ఉన్న సగం మీద పరిచి, మంచుకి తడుస్తుందని కాబోలు, దర్జాగా కూర్చుంది. చట్టప్రకారం నోరెత్తడానికి లేదు. ఇప్పుడేం చెయ్యాలి, కాలు చాపితే ఆవిడ సగంలోకి పోతుంది, చాపకపోతే తిమ్మిరి, ఏం చెయ్యాలో తోచక సోఫా చెయ్యి మీద కణుపులతో టకటక తట్టాను, నాకే తెలియకుండా, రెండు పొడుగు ఒక పొట్టి, నాన్న తట్టినట్టే.

ఆవిడ చటుక్కున ఇటు తిరిగింది. "నువ్వు తట్టే ఆయన కూతురివా?"

తలూపాను. మేం ఆవిడకి పేరు పెట్టినట్టు ఆవిడ కూడా నాన్నకి పేరు పెట్టుకుంది. "నేను పని ముగించుకుని సందు తిరిగేసరికి వెనక టక్ టక్ టక్ మని వినిపించేది, మొదట్లో ఎవరింటి తలుపో కొడుతున్నాడనుకున్నా, తర్వాత తెలిసింది, చెక్కని పలకరిస్తున్నాడని" అంది. "ఈమధ్య వినిపించట్లేదు. నేను పిడులు తీసుకుంటే మిగతాది ఆయన తీసుకెళ్తాడుగా అని నిశ్చింతగా ఉండేదాన్ని. ఇప్పుడు మంచి మంచి బీరువాలన్నీ పిడుల్లేకుండా లారీలోకి పోతున్నాయి. చూడలేకపోతున్నా. ఒంట్లో బాలేదా ఆయనకి?"

"లేదాంటీ, బానే ఉన్నారు."

"ఆంటీ ఏంటి, పిన్నీ అను. మరి రాడేం?"

చెప్పేశాను. ఎందుకు చెప్పానో తెలియదు, చలికో, ఆవిడ టోపీకో, కుర్చీ, పచ్చ రంగు, చెప్పుల్లేని అబ్బాయి, వాచ్‌మన్, కిరసనాయిలు, కిటికీ, అన్నీ, ఇప్పుడు ఫోన్ చేశానని కూడా, వస్తాడో రాడో తెలియదని కూడా. ఆవిడ నవ్వలేదు. రంగుకి బోర్లించారా, ఒక కాగితం ముక్క అంటించి చావొచ్చుగా అని ఆ నీలం గేటువాళ్ళని మాత్రం నాలుగు తిట్టింది, తిట్టి, షీటు సర్దుకుని, సరే, వచ్చేదాకా నేనూ కూర్చుంటా అంది. ఎవరు వచ్చేదాకా, లారీయా, నాన్నా, అడగలేదు నేను. వీధి దీపం ఆరిపోయింది. ఎక్కడో కుక్కర్ కూత, ఎక్కడో బకెట్ చప్పుడు, దూరంగా, చాలా దూరంగా, ఇంజన్ గురగుర, ఆ చివర నుంచే మొదలుపెట్టారన్నమాట, హమ్మయ్య, అనుకుంటుండగానే అది ఇంకో వీధి దాటి దగ్గరైంది, ఇద్దరం ఒకేసారి అటు చూశాం, ఇద్దరం చూడనట్టు ముందుకి తిరిగాం, ఇంట్లో ఈపాటికి నాన్న చొక్కా వేసుకుంటున్నాడా, విప్పేస్తున్నాడా, అమ్మ ఏమంటోంది, వెళ్ళొద్దనేది అమ్మే, ఇప్పుడు వెళ్ళు అంటోందా, అమ్మా, ఒక్కసారి వెళ్ళమనవే.

ఇటు వైపు మలుపులో మనిషి. నాన్నే. చేతులు రెండూ జేబుల్లో. మలుపు దగ్గర స్తంభం పక్కన ఆగిపోయి, అక్కడ ఎవరో అంటించిన కాగితం చదువుతున్నట్టు నిలబడ్డాడు, సగం చిరిగిపోయిన కాగితం, అందులో అంతసేపు చదవడానికేం ఉండదు. లేచి పరిగెత్తాలనిపించింది, లేస్తే సగం పోతుంది, అరవాలనిపించింది, అరిస్తే గేట్లు తెరుచుకుంటాయి, గేట్లు తెరుచుకుంటే నాన్న వెనక్కి తిరుగుతాడు. పిన్నికి అలాంటి అనుమానాలేం లేవు.

"ఏమండీ అన్నయ్యగారూ! తట్టే అన్నయ్యగారూ! మిమ్మల్నే! కుర్చీ ఎత్తుకెళ్తేనే ఇంట్లో దాక్కున్నారట? నేను నిచ్చెన ఎత్తుకెళ్ళాను!"

నాన్న కాగితం మీద నుంచి తల తిప్పాడు.

"గోడకి ఆనించి ఉంది, చుట్టూ ఎవరూ లేరు, పారేశారనుకుని భుజాన వేసుకుని బయల్దేరా. పైనుంచి ఎవరో అరుస్తున్నారు. నన్ను కాదేమోలే అనుకుని ఇంకా జోరుగా నడిచా. ఇంటికెళ్ళి దింపాక తట్టింది, నిచ్చెన ఉందంటే దాన్ని ఎక్కినవాడు కూడా ఉంటాడుగా! మళ్ళీ మోసుకెళ్ళేసరికి డాబా మీద పెయింటర్ పాపం పిట్టగోడ మీద కూర్చుని ఉన్నాడు, చేతిలో బ్రష్షు, కింద ఊరంతా. వాడు నన్ను తిట్టిన తిట్లలో కొత్తవి మూడు నేర్చుకున్నా!"

ముందు నాన్న భుజాలు కదిలాయి. నాన్న నవ్వు ఎప్పుడూ భుజాల్లోనే మొదలవుతుంది, తర్వాత మెడలోకి వస్తుంది, తర్వాత ఎంతసేపటికో చప్పుడు వస్తుంది, ఆ చప్పుడు విని ఎన్నాళ్ళైందో, స్తంభం పట్టుకుని నవ్వుతున్నాడు, పట్టుకోవడానికి చేతులు జేబుల్లోంచి బయటికి తీశాడు, కళ్ళు తుడుచుకుంటూ వచ్చేశాడు, వచ్చేశాడు, సోఫా ముందుకి.

"ముందావిడ మీరేనా?"

"ముందావిడేంటి, ఏంటా పేరు?"

"ఇన్నేళ్ళూ మా అలమరల పిడులన్నీ మీ దగ్గరే ఉన్నాయన్నమాట. నన్ను అన్నయ్య అంటున్నారు గానీ, చూడబోతే మీరే నాకు అక్కయ్యలా ఉన్నారు."

"ఆహా, పిడుల లెక్క తర్వాత, ముందు వయసు లెక్క తేలాలి!"

నాన్న నవ్వుతూనే వంగి, తట్టలేదు, నా మోచేతి పక్కన మఖమల్ అంచు కుట్టుని గోటితో పైకి లేపి చూశాడు. "కుట్ల దగ్గర చూశానన్నావ్?"

"చూశా నాన్నా, ఒక్కటి కూడా ఊడలేదు!"

"కుట్లు కాదే పిచ్చితల్లీ. నల్లులు."

నేను లేచానో, సోఫాయే నన్ను పైకి విసిరిందో, రోడ్డు మధ్యలో ఉన్నాను, గెంతుతున్నాను, స్వెట్టర్ దులుపుతున్నాను, జుట్టు దులుపుతున్నాను, ఉన్నవీ లేనివీ అన్నీ ఒంటి మీద పాకుతున్నాయి, మెత్తనిది ఒక్కటీ ఇంటికి ఎందుకు రాలేదో ఇప్పుడు అర్థమైంది, రాత కాదు, నల్లులు! పిన్ని మాత్రం నింపాదిగా లేచి, ప్లాస్టిక్ షీటుని ఆ పక్కకీ ఈ పక్కకీ దులిపి, మడత పెడుతోంది.

"పిన్నీ, మీకు ముందే తెలుసా?"

"కూర్చోకముందే తెలుసు."

"మరి చెప్పలేదేం!"

"చెప్తే లేచి వెళ్ళిపోయేదానివి. నువ్వెళ్ళిపోతే ఈయనెందుకొస్తాడు?"

నాన్న ఆవిడ వైపు ఒకసారి చూసి, గొంతు సవరించుకుని, మరి మీరు దేనికోసం కూర్చున్నారండీ అని అడిగాడు, కాళ్ళ కోసం అంది ఆవిడ, చూడండి ఎంత చక్కగా నునుపు తీశారో, ఏం చేస్తానో ఇంకా తెలీదు, వదలబుద్ధి కావట్లేదు. నాన్న గొంతుక్కూర్చుని సోఫా కింద చెయ్యి పెట్టి ఒక కాలిని తట్టాడు, రెండు పొడుగు ఒక పొట్టి, మొహం మారిపోయింది, దీపం పెట్టినట్టు, టేకు అన్నాడు, అని వెంటనే, మా అమ్మాయి సగం కూర్చుంది కాబట్టి ఇటువైపు రెండు కాళ్ళు మావి అన్నాడు. లేచిపోయిందిగా, హక్కు పోయింది అంది పిన్ని. నల్లులకి లేస్తే లేచినట్టు కాదండీ అన్నాడు నాన్న. రెండు కాళ్ళతో ఏం చేస్తారు మీరు, కుంటి బల్లా? అంది పిన్ని. మీరేం చేస్తారు రెండు కాళ్ళతో? నావి నాలుగు. మీవి రెండు. ఇద్దరూ సోఫాని ఒక పక్కకి ఒరిగించి, ఆవిడ సంచిలోంచి, నాన్న జేబులోంచి చెరో స్క్రూడ్రైవరు తీసి, చెరో వైపు దూరిపోయి, మాట మాటకీ ఒక స్క్రూ ఊడదీస్తున్నారు, పిన్ని రెండూ ఊడదీసి సంచిలో వేసేసుకుంది కూడా, నాన్నకి ఒకటి వచ్చింది, రెండోదాని స్క్రూ తుప్పు పట్టిపోయినట్టుంది, పళ్ళు బిగించి తిప్పుతున్నాడు.

లారీ మలుపు తిరిగింది. ఇంత పెద్దదా ఇది, వీధి మొత్తం నిండిపోయింది, హారన్ కొట్టాడు, పై అంతస్తులో ఒక కిటికీ తెరుచుకుంది, పక్కింటి గేటు తెరుచుకుంది, చేతిలో చీపురుతో ఒకావిడ, నోట్లో బ్రష్షుతో ఒకాయన, అందరూ ఇటే చూస్తున్నారు, అయిపోయింది, ఇప్పుడు నాన్న చేతులు జేబుల్లోకి వెళ్ళిపోతాయి, నాన్నా పద, కాలు వద్దు, ఏమీ వద్దు, పోదాం అని నేను చెయ్యి పట్టుకోబోయేలోగా నాన్న లేచి, చీపురావిడనీ బ్రష్షాయన్నీ దాటుకుని, నడివీధిలో లారీకి అడ్డంగా నిలబడి, రెండు చేతులూ పైకెత్తి, పేటంతా వినపడేలా అరిచాడు.

"ఆగవయ్యా! నా కాలింకా ఊడలేదు!"

డ్రైవర్ కిటికీలోంచి తల బయటికి పెట్టి, నాన్న కాళ్ళ వంక ఒకసారి చూసి, ఇంజన్ ఆపేశాడు.